జామీను ఎవరిస్తారు?

 

చిలకలపూడిలో మన యువకులు కూర్చున్న రోజు నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు పనికి పోయి రాలేకపోయిన వాళ్లు, పిల్లల్ని వదిలి రాలేని అక్కచెల్లెళ్లు అడిగారు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడిన తీరులోనే ఉంచాను. చట్టాల పేర్లు, సంవత్సరాలు మాత్రం పుస్తకం ముందు పెట్టుకుని సరిచూసి రాశాను.

ముందు మీకొక ప్రశ్న. రేపు తెల్లారుజామున మీ ఇంటి మనిషిని స్టేషనుకి తీసుకుపోయారు అనుకోండి. మీరు మొదట ఎవరికి ఫోన్ చేస్తారు?

నేను ఏ పేటకి వెళ్లినా ఇదే అడుగుతుంటాను. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: మా రైతుకి. అంటే రొయ్యల చెరువు ఎవరిదో ఆయనకి. కొందరు ఊరి పెద్దకి అంటారు. వకీలుకి అన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. చెరువు మీద మోటారు పోయిందని, కరెంటు వైరు పోయిందని, రొయ్యలు పోయాయని స్టేషన్లో చెప్పేది ఆ రైతే. మనం ఫోన్ చేసేదీ ఆయనకే. కేసు పెట్టిన మనిషే మనల్ని విడిపించాలి. విడిపిస్తాడు కూడా. విడిపించి, ఆ ఖర్చు మన అడ్వాన్సులో కలుపుతాడు. వచ్చే రెండు పంటలకి మనం ఆ గట్టు దిగలేం.

దీన్ని న్యాయం అనరు. కానీ మన చాలా పేటల్లో న్యాయం పేరుతో దొరికేది ఇదొక్కటే.

కృష్ణా డెల్టా కింది భాగం మీకు తెలిసే ఉంటుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. పచ్చటి వరి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, అవతల మడ అడవి, ఆపైన సముద్రం. బయటివాళ్లు ఈ ప్రాంతం అనగానే సంపన్న రైతుల నేల అంటారు. ఆ గట్ల మీద రాత్రుళ్లు టార్చి లైటు పట్టుకుని తిరిగేది ఎవరు? యానాదులు. పొలాల్లో ఎలుకలు పట్టేది, కాలవల్లో చేపలు, మడల్లో పీతలు పట్టేది యానాదులు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైనే. అయినా కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. 1/70 లేదు, పెసా లేదు. కొండ మీద ఉన్న అన్నదమ్ములకి కనీసం మాది అని చెప్పుకునే నేల చట్టంలో ఉంది. మైదానంలో ఉన్నవాడికి అదీ లేదు. ఒక గట్టు మీద పని అయిపోతే ఇంకో గట్టుకి, ఒక మండలం నుంచి ఇంకో మండలానికి, నెల్లూరు దాకా, చెంగల్పట్టు దాకా పోతుంటాం. పుట్టిన జిల్లాలో ఉన్నా వలస మనిషే. రేషను కార్డు ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో, ఆధారు ఏ ఊళ్లోనూ లేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు ఈ గట్ల మీదికి మనతో పాటు ఇంకొందరు వచ్చారు. ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, రొయ్యల షెడ్లలో ఒడిశా, బెంగాల్ పిల్లలు. ఉత్తరాన గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు. హైదరాబాదు బాలాపూర్‌లో బర్మా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన రోహింగ్యాలు. వీళ్లందరినీ నేను ఒక్కటే అనడం లేదు. ఒకరు ఈ దేశ పౌరులు, ఒకరు కారు. ఒకరు ఆకలికి వచ్చారు, ఒకరు తుపాకీకి భయపడి వచ్చారు. కానీ స్టేషను గడప దగ్గర వీళ్లందరి కష్టం ఒక్కటే. తెలిసినవాడు లేడు. భాష తెలియదు. కాగితం లేదు. జామీను ఇచ్చే మనిషి లేడు.

"వాళ్ల గురించి మనకెందుకు తమ్ముడూ, మన బతుకే మనకి చాలదు" అని ఆ రోజు ఒక పెద్దాయన అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ నేను చెప్పేది పూర్తిగా వినండి. వాళ్లకి ఏ తలుపు మూస్తారో మనకీ అదే తలుపు మూస్తారు.

కొంచెం పాత సంగతి చెప్పాలి. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన ప్రాంతానికీ వచ్చింది. ఎరుకల అన్నదమ్ముల్ని ఊళ్ల నుంచి ఏరి సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిందే. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. అంటే ఆ మనిషి దొంగతనం చేశాడా లేదా అని కాదు, ఊళ్లు తిరగడమే నేరం. 1952లో ఆ చట్టం దేశమంతా పోయింది. దాని అలవాటు పోలేదు. ఊళ్లో మోటారు పోతే మొదట వెతికేది మన పేటలోనే. ఇప్పుడు మనతో పాటు ఆ షెడ్డులో ఉన్న ఒడిశా పిల్లల్నీ వెతుకుతున్నారు. హిందీ మాట్లాడేవాడు దొంగ, బెంగాలీ మాట్లాడేవాడు బంగ్లాదేశీ.

సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. నేను డిగ్రీ చదివింది చరిత్ర, లా కాదు. అయినా ఈ నాలుగు విషయాలు తెలుసుకోవడానికి లా చదవక్కర్లేదు.

రాజ్యాంగంలో 39-ఎ అని ఒక అధికరణం ఉంది. 1976లో 42వ సవరణతో చేర్చారు. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదు, ప్రభుత్వమే ఉచితంగా న్యాయ సహాయం చేయాలి అంటుంది. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహారు జైళ్లలో నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గినవాళ్ల కేసు అది. ఉచిత వకీలు దయ కాదు, బతికే హక్కులో భాగం అని సుప్రీంకోర్టు చెప్పింది. 1981లో ఖత్రీ కేసులో ఇంకో మాట చెప్పింది: నీకు ఉచితంగా వకీలు వస్తాడు అని మెజిస్ట్రేటే ముద్దాయికి చెప్పాలి. 1986లో సుఖ్ దాస్ కేసు అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చింది. అతను అడగలేదు కాబట్టి వకీలుని ఇవ్వలేదు అన్నారు. అడగడం తెలియని మనిషి ఎలా అడుగుతాడు అని కోర్టు ఆ శిక్షనే కొట్టేసింది. ఈ చివరిది మీరు గుర్తు పెట్టుకోండి. మన వాళ్లలో అడగడం తెలిసినవాళ్లు ఎంతమంది?

ఆ తర్వాత 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం వచ్చింది. 1995 నవంబర్ 9 నుంచి అమలైంది. అందులో సెక్షన్ 12 ఒక్కటి చదివితే చాలు. ఉచిత వకీలు ఎవరికి అనేది అక్కడ రాసి ఉంది. ఎస్సీ, ఎస్టీలకి. మనుషుల రవాణాకి గానీ వెట్టికి గానీ బలైనవాళ్లకి. ఆడవాళ్లకి, పిల్లలకి. వికలాంగులకి. వరద, కరువు, భూకంపం, జాతి హింస, కుల దాడుల లాంటి వాటికి బలైనవాళ్లకి. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకి. కస్టడీలో ఉన్నవాళ్లకి. ఇవేవీ కాకపోతే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి. ఎస్టీకి ఆదాయ పరిమితి లేదు. ఆదాయం చూపించాల్సిన చోట కూడా తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, అఫిడవిట్ సరిపోవచ్చు అని ఆ చట్టంలోనే ఉంది.

ఇక్కడ ఒక పదం చూడండి. ఆ సెక్షన్ మొదలయ్యేది "ప్రతి వ్యక్తి" అని. పౌరుడు అని లేదు. అంటే బందరు సబ్ జైల్లో ఉన్న యానాది అయినా, ఒడిశా కూలీ అయినా, బర్మా నుంచి పారిపోయి వచ్చినవాడైనా, కస్టడీలో ఉంటే చాలు, వకీలు రావాలి. ఆధారు అడగడానికి వీల్లేదు.

చిలకలపూడి అంటే రాష్ట్రమంతా గిల్టు నగలు గుర్తొస్తాయి. మోసపు సరుకుని "చిలకలపూడి బంగారం" అని వెక్కిరిస్తుంటారు కూడా. ఇక్కడ ఆ పనిచేసే అన్నలకి ఆ మాట నచ్చదు, నాకూ నచ్చదు. వాళ్లు ఇది గిల్టు అని చెప్పే అమ్ముతారు. మన న్యాయ సహాయం అలా కాదు. కాగితం మీద మేలిమి బంగారం అని ముద్ర వేసి ఇస్తారు, చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది.

ఎందుకలా అవుతుంది? నాకు కనిపించిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది జామీను. మిగతావి తర్వాత చెబుతాను.

మన ఒక కుర్రాడి కేసు. ఊరు చెప్పను, స్టేషను చెప్పను. చెరువు మీద సామాను పోయిందన్న కేసు. కోర్టు న్యాయంగానే బెయిలు ఇచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలంది. జామీనుదారు అంటే ఇంటి పన్ను రసీదు గానీ పట్టాదారు పాస్‌బుక్ గానీ ఉన్నవాడు. మన పేటలో ఎవరికుంది? పోరంబోకులో, కాలవ గట్టు మీద ఉన్న గుడిసెలకి పన్ను రసీదు ఎక్కడిది? బెయిలు వచ్చాక కూడా ఆ పిల్లాడు నలభై రోజులు లోపలే ఉన్నాడు. చివరికి బయటి మనిషి ఒకడు డబ్బు తీసుకుని జామీను రాశాడు. ఆ డబ్బు వాళ్లమ్మ అడ్వాన్సు తెచ్చింది. ఎవరి దగ్గర తెచ్చిందో మీరు ఊహించగలరు.

ఇదే జామీను సంగతి మీద 1978లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మోతీరాం కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీ. పది వేల రూపాయల జామీను అడిగారు. అన్న జామీను ఇస్తానని వస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదు అన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పు రాశారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద ఆ మేస్త్రీని వదలమన్నారు. ఒక మలయాళీనో, తమిళుడినో, ఆంధ్రవాడినో బస్తరులోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని వాడు ఎక్కడ నుంచి తెస్తాడు అని అందులో నిలదీశారు. ఆంధ్రవాడు అనే మాట ఆ తీర్పులో ఉంది. అప్పట్లో వలస పోయే ఆంధ్రవాడి గురించి అన్నారు. ఇప్పుడు ఆంధ్రాకి వలస వచ్చినవాడికి మనం అదే చేస్తున్నాం.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు తగ్గించే విషయం చూడవచ్చు. స్థానిక జామీను వల్లే ఆలస్యం అవుతుంటే ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది, విచారణ ఖైదీకి 40 వేల వరకు జామీను సొమ్ము ప్రభుత్వమే కడుతుందని అప్పట్లో చెప్పింది. 45 ఏళ్ల తేడాలో రెండుసార్లు చెప్పారంటే మొదటిసారి చెప్పింది కింది కోర్టు దాకా దిగలేదనేగా. వకీలు ఉంటేనే ఈ తీర్పులు జడ్జి ముందుకు వస్తాయి. నేను ఈ పేర్లు ఇంత వివరంగా రాస్తోంది అందుకే. మీ వకీలుకి తెలియకపోతే మీరే చెప్పండి. మోతీరాం, 1978. పలకడం కష్టమేం కాదు.

రెండో విషయం మొదటి 24 గంటలు. పట్టుకున్న 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. విచారణ సమయంలో వకీలుని కలిసే హక్కు కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 38వ సెక్షన్. కానీ ఉచిత వకీలు మనకి కనిపించేది సాధారణంగా రిమాండు రోజున, కోర్టు వరండాలో, రెండు నిమిషాలు. అప్పటికే వేలిముద్రలు పడిపోయి ఉంటాయి. 2022 నుంచి జీతం మీద పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిళ్లని జిల్లాల్లో పెడుతున్నారు. ఇది మంచి మార్పు, మంచిని మంచి అనాలి. కొందరు నిజంగా కష్టపడుతున్నారు కూడా. అయితే వాళ్లు పేటకి రారు. పేట వాళ్ల దగ్గరికి పోవాలి. బస్సు చార్జీ, ఒక రోజు కూలీ, కోర్టు మెట్లంటే భయం, ఈ మూడూ దాటితే కదా.

భాష సంగతి చెప్పాలంటే శేషాచలం గుర్తు చేయాలి. 2015 ఏప్రిల్ 7న అక్కడ ఎర్రచందనం పేరుతో 20 మంది తమిళ కూలీలని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లలో జవ్వాది కొండల ఆదివాసులు ఉన్నారు. దానికి ముందు 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారుల హత్య జరిగింది. ఆ కేసులో వందలమంది కూలీలని ముద్దాయిలుగా చూపారు, ఎక్కువమంది తమిళనాడు వాళ్లు. తెలుగు రాని మనుషులు నెలల తరబడి మన జైళ్లలో ఉన్నారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్లని నిర్దోషులంది. హత్య చేసినవాళ్లు దొరకాలి, అందులో నాకు రెండో మాట లేదు. వందలమందిని మూకుమ్మడిగా పెట్టి చివరికి ఎవరి మీదా రుజువు చేయలేకపోతే చనిపోయిన ఆ ఇద్దరు ఉద్యోగులకీ న్యాయం జరగలేదు.

ఇక వెట్టి. ఈ మాట అనగానే "ఇప్పుడు వెట్టి ఎక్కడుంది" అంటారు. 2025 మే నెలలో తిరుపతి జిల్లా యానాది కుటుంబం సంగతి పేపర్లలో వచ్చింది. బాతులు మేపే యజమాని దగ్గర 25 వేలు అప్పు. భర్త పోయాక ఆ తల్లి వెళ్లిపోతానంటే ఇంకా ఎక్కువ కట్టమని కొడుకుని ఉంచుకున్నాడు. డబ్బు తీసుకుని ఆమె వచ్చేసరికి పిల్లాడు లేడు. కంచి దగ్గర పాలారు ఇసుకలో పాతిపెట్టిన శవం బయటపడింది. తొమ్మిదేళ్ల బిడ్డ. పేర్లు రాయను, ఆ తల్లిని ఇప్పటికే చాలామంది కెమెరాల ముందు కూర్చోబెట్టారు.

ఆ తల్లికి ఎన్ని తలుపులు తెరిచి ఉండాలో లెక్కపెట్టండి. ఎస్టీ, ఆడమనిషి, వెట్టికి బలైన మనిషి. సెక్షన్ 12 కింద ఒకటి కాదు, మూడు దారుల్లో ఆమెకి వకీలు రావాలి. అప్పు ఇచ్చిన మొదటి రోజు నుంచే. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పే చెల్లదు. అది వెట్టి అప్పు కాదు అని నిరూపించుకోవాల్సింది అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు కాదు. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయింది, కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడమే బలవంతపు చాకిరీ అంది. ఈ లెక్కన మన గట్ల మీద ఎంతమంది? నేను అంకె చెప్పను. మీరే మీ జీతాన్ని నెల రోజులతో, రాత్రి కాపలాతో భాగించి చూసుకోండి.

వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకి విడుదల పత్రం ఇవ్వాలి. కలెక్టరు గానీ సబ్ కలెక్టరు గానీ ఇస్తారు. వెంటనే 30 వేల వరకు సాయం, తర్వాత పునరావాసం కింద మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి పిల్లలకి రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. కానీ ఆ పెద్ద సాయం చేతికి రావాలంటే విచారణ తేలాలి. విచారణ తేలాలంటే మన తరఫున ఒకరు నిలబడి వాయిదా వాయిదాకీ అడగాలి. మన వాళ్లు అప్పటికి ఇంకో జిల్లాలో ఇంకో గట్టు మీద ఉంటారు. సమన్లు పాత గుడిసెకి వస్తాయి. ఇలాగే కేసులు చచ్చిపోతాయి.

ఇప్పుడు గుత్తికోయల దగ్గరికి వస్తాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకి ఊళ్లు తగలబడ్డాయి. సుప్రీంకోర్టు 2011 జులైలో నందినీ సుందర్ కేసులో ఆదివాసీ కుర్రాళ్లకి తుపాకులిచ్చి ఆదివాసుల మీదికే తోలడం రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు ఇచ్చింది. అప్పటికే వేలమంది నది దాటి ఇటు వచ్చేశారు. వేరే దేశం సరిహద్దు దాటి ఉంటే వాళ్లని శరణార్థులు అనేవాళ్లు. దేశం లోపలే పారిపోయారు కాబట్టి వాళ్లకి ఆ పేరు కూడా లేదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగితే 2005 డిసెంబర్ 13 నాటికి ఆ నేల మీద ఉండాలి అంటారు. వీళ్లు వచ్చిందే ఆ తర్వాత. 2017లో ములుగు వైపు తాడ్వాయి మండలం జలగలంచలో వీళ్ల గుడిసెలు కూల్చారు. ఎస్టీ సర్టిఫికెట్ అడిగితే, మీరు అక్కడ ఎస్టీ, ఇక్కడ కాదు అంటారు.

ఈ "అక్కడ ఎస్టీ, ఇక్కడ కాదు" అనే మాట వెనక ఒక తీర్పు ఉంది. దానికి మూలం మన డెల్టాయే. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసు. తెనాలిలో పుట్టిన మనిషి, మన రాష్ట్రంలో ఎస్టీ. తండ్రి ఉద్యోగం వల్ల మహారాష్ట్రలో పెరిగి బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయితే ఇంకో రాష్ట్రంలో కానక్కర్లేదు అని సుప్రీంకోర్టు చెప్పింది. రిజర్వేషను సీట్ల విషయంలో దానికి ఒక తర్కం ఉంది, స్థానిక ఆదివాసుల వాటా పోకూడదు కదా. మన కోయ సోదరుల్లో ఈ భయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. కానీ మెడికల్ సీటు వేరు, కోర్టులో వకీలు వేరు. వకీలు ఇస్తే ఎవరి వాటా తగ్గదు. గుత్తికోయ మనిషి ఎస్టీ గదిలో పట్టకపోతే కస్టడీ అనే గది ఉంది, స్త్రీ అనే గది ఉంది, జాతి హింసకి బలైనవాడు అనే గది ఉంది. సెక్షన్ 12లో ఒక్క తలుపు దగ్గరే నిలబడి సర్టిఫికెట్ లేదని వెనక్కి రాకండి.

ఈ మాట దివిసీమ వాళ్లకీ వర్తిస్తుంది. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మన ముసలివాళ్లు చెబుతుంటారు. అప్పటికి ఈ చట్టం లేదు. ఇప్పుడు తుపానుకో వరదకో గుడిసె పోయి వలస పోయిన మనిషి కులం ఏదైనా, ఆ కారణం చేతనే ఉచిత వకీలుకి అర్హుడు.

పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ల సంగతి. శరణార్థుల మీద 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. శరణార్థి అనే మాటకి ప్రత్యేకంగా మనకి చట్టం లేదు. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో బతికే హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో అదే మాట ఒప్పుకుంటూనే పంపించేయడాన్ని ఆపలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించి పంపమంది. ఆ పద్ధతి పాటించారా లేదా అని అడిగేది ఎవరు? వకీలే. వకీలు లేకపోతే పద్ధతి అనే మాటకి అర్థం లేదు.

ఇక్కడ మీరు బాగా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. వెట్టి చట్టంలో నిరూపించే భారం యజమాని మీద పెట్టారని చెప్పాను కదా. విదేశీయుల చట్టంలో తలకిందులు. 1946 చట్టంలోనూ, దాని బదులు వచ్చిన 2025 చట్టంలోనూ, నేను విదేశీయుణ్ని కాదు అని నిరూపించుకోవాల్సింది పట్టుబడ్డ మనిషే. 2025లో చాలా రాష్ట్రాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలని బంగ్లాదేశీయులన్న అనుమానంతో పట్టుకున్నారు, వాళ్లలో మన దేశ పౌరులూ ఉన్నారని తర్వాత తేలింది. ఇప్పుడు మన పేటలో పుట్టిన తేదీ తెలియని ఒక తాతని ఊహించుకోండి. పుట్టిన సర్టిఫికెట్ లేదు, బడికి పోలేదు, ఆధారు లేదు. ఆయన్ని చెన్నైలోనో బెంగుళూరులోనో నువ్వెవరని అడిగితే ఏం చూపిస్తాడు? ఆ చూపించలేని మనిషి పక్కన నిలబడే వకీలు ఉండాలా వద్దా? ఆ రోజు పెద్దాయనకి నేను చెప్పిన జవాబు ఇదే. ఆయన మళ్లీ మాట్లాడలేదు, ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు.

తెలుగువాళ్లకి ఇది కొత్త కూడా కాదు. కాకినాడ తీరం నుంచి రంగూను పోయి బతికిన ఎంతోమంది 1942లో బాంబులు పడితే అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చారు. 1960ల్లో మళ్లీ బర్మా నుంచి పంపేస్తే కట్టుబట్టలతో వచ్చారు. మన పట్నాల్లో బర్మా కాలనీలు అలా వచ్చినవే. 2018లో గుజరాత్ పడవల మీద పనికి పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ జైల్లో వాళ్లకి తెలుగు తెలిసిన ఒక మనిషి దొరికి ఉంటే అని మనం కోరుకున్నాం కదా. ఇక్కడ ఒడిశా పిల్లాడి తల్లీ అదే కోరుకుంటుంది.

ఇక పని సంగతి. బందరులో జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. గుడివాడ, అవనిగడ్డ లాంటి చోట్ల కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. ఫోన్ నంబరు 15100, దేశమంతా ఒకటే. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసినా చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, రాసుకునే బాధ్యత వాళ్లది. వకీలు వచ్చాక ఫీజు అడిగితే ఇవ్వకండి, ఉచిత వకీలు డబ్బు తీసుకోవడం తప్పు, కార్యదర్శికి చెప్పండి. 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు స్టేషన్లలో, బస్టాండుల్లో ఉచిత న్యాయ సహాయం వివరాలు స్థానిక భాషలో బోర్డు పెట్టమంది. మీ ఊరి స్టేషన్లో, బస్టాండులో ఆ బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే ఫొటో తీసి మాకు పంపండి, అన్నీ కలిపి బందరులో ఇస్తాం. బోర్డు తెలుగులో ఉంటే చాలదు, ఒడియాలో, హిందీలో కూడా అడుగుదాం.

చదువుకున్న తమ్ముళ్లు చెల్లెళ్లు పారా లీగల్ వాలంటీర్లుగా చేరండి. దానికి లా డిగ్రీ అక్కర్లేదు. పేటకి ఇద్దరు చాలు, ఒకరైనా ఆడపిల్ల ఉండాలి. స్టేషనుకి పోవడానికి మన ఆడవాళ్లు మగవాడి వెనకే పోవాల్సిన పరిస్థితి ఉన్నంతకాలం సగం కేసులు బయటికే రావు. చిలకలపూడిలో ఆ రోజు ఏడుగురు పేర్లు ఇచ్చారు, నలుగురు అక్కచెల్లెళ్లు. దివిసీమ మండలాల నుంచి ఇంకా ఎవరూ ఇవ్వలేదు.

ఇంకొక పని. మీ చెరువు గట్టు పక్క షెడ్డులో బయటి రాష్ట్రం వాళ్లు ఉంటే ఈ వారంలో ఒకసారి పోయి పలకరించండి. ఏ ఊరు, ఎంతమంది, తెచ్చినవాడెవరు, ఇంటి ఫోన్ నంబరు ఏది అని ఒక చీటీలో రాసి పెట్టుకోండి, వాళ్లకి అభ్యంతరం లేకపోతేనే. ఆ చీటీ ఇంకెవరికీ ఇవ్వకండి. అర్ధరాత్రి జీపు వచ్చినప్పుడు వాళ్ల ఇంటికి కబురు చెప్పగలిగింది మీరొక్కరే అవుతారు.